చర్చి పేరు, బీమా లేని పొదుపు

2008 అక్టోబరులో బ్రిటన్ ప్రభుత్వం బ్యాంకు డిపాజిట్లపై బీమా పరిమితిని 35 వేల పౌండ్ల నుంచి 50 వేల పౌండ్లకు పెంచింది. భయపడిన జనానికి ధైర్యం చెప్పడమే దాని ఉద్దేశం. ఆ ధైర్యవచనమే ఉత్తర ఐర్లండ్‌లో ప్రెస్బిటేరియన్ మ్యూచువల్ సొసైటీకి గొడ్డలిపెట్టయింది.

1982లో ఏర్పడిన ఆ సంస్థలో దాదాపు పదివేలమంది సభ్యులుండేవారు. అందరూ ఆ చర్చికి చెందినవారే. చట్టం దృష్టిలో వారిది డిపాజిట్ కాదు, వాటా ధనం. కనుక బ్యాంకులకున్న బీమా గానీ, కట్టుదిట్టమైన పర్యవేక్షణ గానీ దానికి వర్తించలేదు. పేరులో చర్చి ఉన్నప్పుడు ఆ తేడాను ఎవరు పట్టించుకుంటారు? సొమ్ములో చాలావరకు స్థిరాస్తి రంగంలోకి పోయింది. భూముల ధరలు కూలాయి. బ్యాంకులకు మాత్రమే హామీ ఉందని గ్రహించిన సభ్యులు సొమ్ము వెనక్కి తీసుకోవడానికి ఎగబడ్డారు. నవంబరులో సొసైటీ పాలనాధికారి చేతుల్లోకి వెళ్లింది, చెల్లింపులు నిలిచిపోయాయి.

అసలు అన్యాయం ఆ తర్వాత బయటపడింది. 20 వేల పౌండ్ల వరకు వాటా, అంతకు మించినది అప్పు. చట్టప్రకారం అప్పులిచ్చినవారే ముందు, వాటాదారులు చివర. అంటే చిన్న పొదుపుదారుడు వరుసలో ఆఖరివాడు! 2019లో పంజాబ్ అండ్ మహారాష్ట్ర కో-ఆపరేటివ్ బ్యాంకు ఖాతాదారులకు కనీసం లక్ష రూపాయల బీమా అయినా ఉండేది. వీరికి అదీ లేదు.

సంస్థ తమకు చట్టపరంగా వేరని చర్చి చెప్పుకొచ్చింది. చివరకు బ్రిటన్ ఖజానా ఇచ్చిన 17.5 కోట్ల పౌండ్ల రుణం ఆధారంగా 2011లో చెల్లింపుల పథకం ఖరారైంది.