టోర్బెల్: ఒక ఆల్ప్స్ గ్రామంలో ఉమ్మడి మేతభూములు
స్విట్జర్లాండ్‌లోని వాలే ప్రాంతంలో, సుమారు 1500 మీటర్ల ఎత్తున, కొండవాలుపై ఉన్న రైతుల గ్రామం టోర్బెల్. వానలు తక్కువ కనుక గడ్డినేలలను కాలువలతో తడుపుకొనేవారు. ఆ నేలలు ఎవరివి వారివే. పైనున్న వేసవి పచ్చికబయళ్లు, అడవి మాత్రం ఉమ్మడివి.

అందరూ వాడుకొనే మేతభూమి చివరకు నాశనమవుతుందని 1968లో గారెట్ హార్డిన్ వాదించాడు. మానవశాస్త్రవేత్త రాబర్ట్ నెట్టింగ్ పరిశోధించిన టోర్బెల్ చరిత్ర దీనికి భిన్నం. 1483లో గ్రామస్థులు ఉమ్మడి వనరులపై లిఖిత ఒడంబడిక చేసుకొన్నారు. బయటివారు భూమి కొన్నా మేత హక్కు దక్కదు. ఉమ్మడి అంటే అందరిదీ అని కాదని ఇక్కడ మీరు గమనించాలి. 1517 నాటి నియమం ఇంకా ఆసక్తికరం: చలికాలమంతా మేపగలిగినన్ని ఆవులనే వేసవిలో కొండపైకి తోలాలి. అంటే, మందకు హద్దు గీసింది ఇంటి గడ్డివామే. మితిమీరి తోలినవారికి జరిమానా. అందులో సగం, విధించిన గ్రామాధికారికే!