మెరోపెనెమ్

మెరోపెనెమ్ సిర ద్వారా ఎక్కించే ఒక విస్తృత పరిధి యాంటీబయాటిక్. ఇది బీటా-లాక్టమ్ కుటుంబంలో కార్బాపెనెమ్ అనే శాఖకు చెందినది. అనగా పెన్సిలిన్‌కు దగ్గరి చుట్టం. గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగటివ్ బాక్టీరియాలలోను, ప్రాణవాయువు లేనిచోట పెరిగే అవాయు బాక్టీరియాలలోను చాలావాటిని ఇది చంపగలదు. ఇతర మందులకు లొంగని తీవ్రమైన ఇన్ఫెక్షన్లకు దీనిని ఆసుపత్రులలో వాడతారు. వైరస్‌ల వల్ల వచ్చే జలుబు, డెంగ్యూ వంటి జబ్బులపై దీనికి ఏ ప్రభావమూ లేదు.

చరిత్ర

1976లో మెర్క్ సంస్థ పరిశోధకులు స్ట్రెప్టోమైసిస్ కాట్లేయా అనే నేల సూక్ష్మజీవి నుండి థియనామైసిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. అది శక్తిమంతమైనదే కాని నిలకడ లేనిది. దానిని సవరించి ఇమిపెనెమ్‌ను తయారు చేశారు. అయితే మన మూత్రపిండాలలోని డీహైడ్రోపెప్టిడేజ్ అనే ఎంజైము ఇమిపెనెమ్‌ను విరగగొట్టేది. ఆ ఎంజైమును అడ్డుకోవడానికి సిలాస్టాటిన్ అనే తోడు మందును కలపవలసి వచ్చింది. ఈ జంట మందుకు 1985లో అమెరికాలో అనుమతి లభించింది. తరువాత జపానుకు చెందిన సుమిటోమో సంస్థ రూపొందించిన మెరోపెనెమ్‌లో ఒక మిథైల్ సమూహం అదనంగా ఉంది. దానివల్ల మూత్రపిండాల ఎంజైము దీనిని సులభంగా విరగగొట్టలేదు. ఒక్క మిథైల్ సమూహంతో తోడు మందు అవసరమే లేకపోవడం రసాయన శాస్త్ర విద్యార్థులు గమనించదగిన విషయం. అమెరికాలో మెరోపెనెమ్‌కు 1996లో అనుమతి వచ్చింది.

పనిచేసే విధానం

బాక్టీరియా కణం లోపల పీడనం ఎక్కువగా ఉంటుంది. సైకిలు ట్యూబు పగలకుండా టైరు కాపాడినట్లు, పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థంతో అల్లిన కణకవచం ఆ కణాన్ని కాపాడుతుంది. కవచంలోని పోగులను ఒకదానితో ఒకటి ముడివేసే ఎంజైములకు పెన్సిలిన్ బంధక ప్రోటీన్లు అని పేరు. ఇవి పోగుల చివర జంటగా ఉండే రెండు అలనైన్ అణువులను గుర్తించి ముడివేస్తాయి. మెరోపెనెమ్‌లోని బీటా-లాక్టమ్ వలయం ఆకారంలో ఆ జంటను పోలి ఉంటుంది. ఎంజైము మోసపోయి మందును పట్టుకుంటుంది, ఇక వదలలేదు. ముడులు పడక కవచం బలహీనపడుతుంది, చివరకు కణం పగిలిపోతుంది. మానవ కణాలకు ఇటువంటి కవచం లేనందువల్ల వాటికి ఈ బెడద లేదు. అదే కారణం చేత కవచం లేని మైకోప్లాస్మా అనే బాక్టీరియాపై కూడా ఈ మందు పనిచేయదు.

బాక్టీరియాలు ఆత్మరక్షణకు బీటా-లాక్టమేజ్ అనే ఎంజైములతో పెన్సిలిన్ వంటి మందులను విరగగొడతాయి. మెరోపెనెమ్ నిర్మాణం వీటిలో చాలావాటిని తట్టుకుంటుంది. అందుచేతనే సెఫలోస్పోరిన్‌లకు లొంగని ఇ. కోలై, క్లెబ్సియెల్లాలపై ఇది పనిచేస్తుంది. ఇటువంటి బాక్టీరియా రక్తంలో చేరిన రోగులపై జరిపిన ఒక అంతర్జాతీయ పరీక్ష ఫలితాలు 2018లో వెలువడ్డాయి. 30 రోజులలో మరణించినవారు మెరోపెనెమ్ వాడినవారిలో 3.7 శాతం కాగా, పిపరాసిలిన్-టాజోబాక్టమ్ వాడినవారిలో 12.3 శాతం.

వాడకం

రక్తం విషపూరితమయ్యే సెప్సిస్, మెదడు పొరల వాపు (మెనింజైటిస్), కడుపులోని తీవ్రమైన ఇన్ఫెక్షన్లు, ఆసుపత్రిలో సోకే న్యుమోనియా, క్యాన్సరు చికిత్సలో తెల్లకణాలు తగ్గినప్పుడు వచ్చే జ్వరం - వీటిలో దీనిని వాడతారు. మెథిసిల్లిన్‌కు లొంగని స్టెఫిలోకాకస్‌పై ఇది పనికిరాదు.

మింగితే ఒంటికి పట్టదు కనుక పొడి రూపంలో ఉన్న మందును కరిగించి సిరలోకి ఎక్కిస్తారు. పెద్దలకు సాధారణ మోతాదు 8 గంటలకొకసారి 1 గ్రాము. మెనింజైటిస్‌లో 2 గ్రాములు. మూత్రపిండాలు బాగున్నవారిలో దాదాపు ఒక గంటకే రక్తంలోని మందు సగానికి తగ్గుతుంది. ఒకేసారి ఎక్కువ మోతాదు ఉండటం కంటే, తగినంత మోతాదు ఎక్కువసేపు నిలవడమే ఈ మందుకు ముఖ్యం. అందుకని కొన్ని సందర్భాలలో అరగంటకు బదులు 3 గంటలపాటు నెమ్మదిగా ఎక్కిస్తారు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మోతాదు తగ్గిస్తారు.

వీలైనంతవరకు మొదటి మోతాదుకు ముందే రక్తం తీసి కల్చర్ పరీక్షకు పంపుతారు. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. సెప్సిస్ రోగికి అంత వ్యవధి ఉండదు కనుక మందు వెంటనే మొదలుపెడతారు. ఫలితం వచ్చాక చిన్న మందు చాలునని తేలితే దానికి మారుస్తారు. బంధువులు దీనిని చికిత్స తగ్గించడంగా భావించి ఆందోళన పడుతుంటారు, కాని సరైన పద్ధతి అదే.

దుష్ఫలితాలు

విరేచనాలు, వికారం, తలనొప్పి, దద్దుర్లు, సూది గుచ్చినచోట వాపు రావచ్చు. పెన్సిలిన్ పడనివారిలో చాలామందికి ఇది పడుతుంది, అయినా ఆ సంగతి ముందుగా వైద్యునికి చెప్పాలి. మూర్ఛ రావడం అరుదు. కాని మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడేవారి విషయం వేరు: మెరోపెనెమ్ మొదలైన కొద్ది రోజులలోనే రక్తంలో వాల్‌ప్రోయేట్ బాగా పడిపోతుంది, దాని మోతాదు పెంచినా సాధారణంగా ఫలితం ఉండదు. కనుక రోగి ఇంటివద్ద వాడే మందుల చీటీని ఆసుపత్రిలో తప్పక చూపాలి.

నిరోధకత

న్యూఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ తిరిగివెళ్ళిన భారత సంతతి రోగిలో 2008లో ఒక కొత్త ఎంజైము బయటపడింది. కార్బాపెనెమ్‌లను సైతం విరగగొట్టే దీనికి ఎన్‌డీఎమ్-1 అని, ఢిల్లీ పేరు కలిపి పేరు పెట్టారు. ఆ పేరుపై మన దేశంలో అభ్యంతరాలు వ్యక్తమయ్యాయి. పేరు సంగతి ఎలా ఉన్నా, ఎంజైము అనేక దేశాలకు వ్యాపించిన మాట వాస్తవం. దీని జన్యువు ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఏ. వలయంపై ఉండటంతో ఒక జాతి బాక్టీరియా నుండి మరో జాతికి చేరగలదు. 2017లో అమెరికాలో అనుమతి పొందిన మెరోపెనెమ్-వాబోర్‌బాక్టమ్ జంట కేపీసీ అనే మరొక ఎంజైమును అడ్డుకుంటుంది కాని ఎన్‌డీఎమ్‌ను అడ్డుకోలేదు. అటువంటప్పుడు వైద్యులు కొన్నిసార్లు మూత్రపిండాలకు హాని చేయగల కొలిస్టిన్ అనే పాత మందును ఆశ్రయించవలసి వస్తోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మెరోపెనెమ్‌ను అత్యవసర మందుల జాబితాలో చేర్చి, వాడకాన్ని కనిపెట్టి ఉండవలసిన వర్గంలో ఉంచింది. భారతదేశంలో 2014 నుండి అమలులో ఉన్న షెడ్యూల్ హెచ్-1 ప్రకారం వైద్యుని చీటీ లేనిదే దీనిని అమ్మరాదు. అమ్మిన దుకాణదారు రోగి పేరు, వైద్యుని పేరు, మందు పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో రాసి 3 సంవత్సరాలు భద్రపరచాలి.