దేవాలయపు కిటికీలు: అద్దములను పట్టియుంచిన సామాన్య వస్తువులు

శతవార్షికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గము వారు కోరినప్పుడు, నేను కిటికీ అద్దములను గూర్చి వ్రాసెదనంటిని. కొందరు నవ్విరి. మిషనెరీలను గూర్చియు, పాఠశాలలను గూర్చియు, ఆసుపత్రులను గూర్చియు నాకంటె ఎరిగిన పెద్దలు ఈ సంచికలో వ్రాయుచున్నారు. కిటికీలను గూర్చి వ్రాయు అర్హత మాత్రము నాకు కొంత కలదు. మా సంఘపు దేవాలయములో అద్దములను పాడుచేసిన కమిటీకి అధ్యక్షుడను నేనే.

సంగతి ఇది. మా దేవాలయపు కిటికీలు పాతకాలపు టేకు చట్రములు. ఒక్కొక్క చట్రములో చిన్నచిన్న గాజు పలకలు. ఏండ్లు గడచిన కొలది పలకల చుట్టునున్న పుట్టీ ఎండి, బీటలువారి, పెచ్చులుగా రాలిపోయెను. గాలి వీచిన పలకలు గలగలలాడును. వాన వచ్చిన ప్రక్క బెంచీలవారు పాటల పుస్తకములు ఎత్తుకొని మధ్యకు జరుగుదురు. నాలుగేండ్ల క్రిందట పాస్టరేటు కమిటీలో ఈ విషయము వచ్చినప్పుడు, "ఊరకే పుట్టీ ఎందుకండి, సిమెంటు పెట్టించేద్దాం, మళ్లీ నూరేళ్ల దాకా కదలవు" అని ఒకరు సెలవిచ్చిరి. అందరికి నచ్చెను. నాకును నచ్చెను. శ్రమదినములలో పని ముగించి, ఈస్టరు ఆరాధనలో దేవునికి కృతజ్ఞతాస్తుతులు కూడ చెల్లించితిమి.

ఆ వేసవి గడచి, వానలు పడి, కోత పండుగ వచ్చునప్పటికి పదకొండు పలకలు పగిలినవి. ఎవరును రాయి వేయలేదు. పగుళ్లన్నియు మూలలనుండియే బయలుదేరినవి. మా ఊరి వృద్ధ వడ్రంగి మేస్త్రిని పిలిపించి చూపగా, ఆయన సిమెంటును గోటితో తట్టి చూచి, "అయ్యగారూ, అద్దాన్ని బిగించకూడదండి, కూర్చోబెట్టాలి" అనెను. కర్ర వానకు ఉబ్బును, ఎండకు సన్నగిల్లును. గాజు అట్లు చేయదు. ఆ రెంటి నడుమ నుండునది మెత్తనిదైనచో చట్రపు కదలికను తాను సహించును. రాతివలె నున్నచో ఆ బాధ అంతయు గాజుమీద పడును. వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర చదివిన నాకు, దేవాలయపు కిటికీని గూర్చిన ఈ మొదటి పాఠము మేస్త్రిగారే చెప్పవలసి వచ్చెను. ఆ తరువాతనే దీని చరిత్రను చదువ నారంభించితిని.

వేదగ్రంథ కాలపు ఇండ్ల కిటికీలకు గాజు ఉండెడిది కాదు. త్రోయలో పౌలు ప్రసంగము దీర్ఘమైనప్పుడు నిద్రపోయి మూడవ అంతస్తునుండి పడిన ఐతుకు కిటికీలో కూర్చుండెనని మీకందరికి తెలియును. ఆ కిటికీకి అద్దముండినచో అతడు పడక పోవును. (ప్రసంగము నిడివిని గూర్చిన పాఠము మాత్రము మా గురువులకు దక్కక పోయియుండును.) రోమీయులలో ధనికుల స్నానశాలలకు గాజు కిటికీలు కలవు. క్రీ.శ. 79లో బూడిదక్రింద పూడిపోయిన పొంపెయి పట్టణములో అట్టివి కనబడినవి. సామాన్యులకు మాత్రము చెక్క తలుపు, నూనె పట్టించిన గుడ్డ, తోలు, లేదా ఏమియు లేని రంధ్రము.

దేవాలయమునకు గాజు ఎందుకు కావలసి వచ్చెను? రంగుల సొగసు కొరకని మనము తలంతుము. ఇంగ్లండులో యార్కు బిషప్పుగా నుండిన విల్ఫ్రిడ్ జీవిత చరిత్రలో కారణము స్పష్టముగా చెప్పబడినది. సుమారు 670 ప్రాంతమున ఆయన తన దేవాలయమును చూడగా పైకప్పు కారుచున్నది, కిటికీలు తెరచియున్నవి, పక్షులు లోపలికిని బయటికిని ఎగురుచు గూళ్లు కట్టుకొని గోడలను పాడుచేయుచున్నవి. ఆయన కప్పు బాగుచేయించి, కిటికీలకు గాజు పెట్టించెను. పక్షులును వానయు రాకూడదు, వెలుగు మాత్రము రావలెను. పావురములతో యుద్ధము చేయుచున్న మన సంఘపెద్దలకు ఈ మాట ఎంత దగ్గరగా నున్నదో చెప్పనక్కరలేదు.

ఆ కాలముననే బెనెడిక్ట్ బిస్కాప్ అను మఠాధిపతి 674లో మంక్‌వేర్‌మౌత్‌లో మఠము స్థాపించి, తన దేశములో గాజుపనివారు లేనందున గాల్ దేశమునుండి, అనగా నేటి ఫ్రాన్సునుండి, వారిని రప్పించెను. వారు కిటికీలు అమర్చుటయే గాక అచ్చటివారికి ఆ విద్యను నేర్పిరని బీడ్ అను చరిత్రకారుడు వ్రాసెను. దాని సోదర మఠమైన జారోలో దేవాలయము 685లో ప్రతిష్ఠింపబడెను. గత శతాబ్దపు ద్వితీయార్ధములో ఈ రెండు మఠముల స్థలములందు త్రవ్వకములు జరుపగా రంగుగాజు ముక్కలును, వాటిని పట్టియుంచిన సీసపు బద్దల ముక్కలును దొరకినవి. ఆ గాజులో కొంత మరల కూర్చి జారో దేవాలయపు ఒక చిన్న కిటికీలో పెట్టియున్నారు.

సీసము ఎందుకు? ఆ దినములలో పెద్ద గాజు పలకలు చేయుట వారి చేతకాదు. అరచేయి అంత ముక్కలు దొరకును. వాటిని కలిపి పెద్ద కిటికీగా చేయవలెను. ఇనుము గట్టిది, గాజుతోపాటు వంగదు. కర్రకు అంత సన్నని పని రాదు. సీసము చేతితో వంగును, గాజు అంచు ఎట్టి వంపు తిరిగినను దానివెంట పోవును, టంకముతో సులువుగా అతుకును. పండ్రెండవ శతాబ్దపు ఆరంభమున థియోఫిలస్ అను పేరుతో ఒక మఠవాసి వివిధ శిల్పకళలను గూర్చి గ్రంథము వ్రాసెను. అందు రెండవ భాగమంతయు గాజుపనియే. కాల్చిన ఇనుముతో గాజును చీల్చుట, అంచులను చిదిమి సరిచేయుట, సీసమును అచ్చులో పోసి బద్దలు తీయుట, తగరము కలిపి అతుకుట, అన్నియు పనివాడు ప్రక్కన నిలిచి చెప్పినట్లున్నవి.

ఆ సీసపు బద్దకు రెండు ప్రక్కల గాడి యుండును. ఒక గాడిలో ఈ గాజు, రెండవ గాడిలో ఆ గాజు. రెండు బద్దలు కలియుచోట ఇరువైపుల టంకము. అంతటితో పని ముగియలేదు. అట్లే వదిలిన గాజు గాడిలో ఆడుచుండును, నీరు దూరును. అందుచేత అవిసె నూనెలో సుద్దపొడి కలిపి, నల్లగా నుండుటకు దీపపు మసి చేర్చి, ఆ ముద్దను బురుసుతో బద్దల క్రిందికి దూర్చుదురు. పైన పొడి సుద్ద చల్లి, మిగిలిన నూనెను అది పీల్చగా తోమి, కొన్ని దినములు బల్లమీద పడుకోబెట్టి ఆరనిత్తురు. కిటికీలో నిలిపిన పిమ్మట గాలి త్రోపుడుకు సీసము వంగకుండ వెనుక అడ్డముగా ఇనుప కమ్మీలు పెట్టి, సీసమునకు అతికిన రాగి తీగెలతో వాటికి కట్టుదురు. క్రిందనుండి చూచు మనకు భక్తుల ముఖములు, నీలము, ఎరుపు కనబడును. పటమును మోయునది సీసము, సుద్ద, నూనె, తీగె.

ఈ సీసము నిత్యము కాదు. సుమారు నూరు, నూటయేబది ఏండ్లకు అది అలసి చీలును. అప్పుడు కిటికీని దింపి, పాత సీసము విప్పి, అదే గాజును క్రొత్త సీసములో కూర్చవలెను. ఐరోపా దేవాలయములలో అయిదారు వందల ఏండ్ల గాజు నేటికి నిలిచియున్నదనగా, దాని సీసమును మనుష్యులు ఎన్నోసార్లు మార్చిరని అర్థము. ఆ మార్చినవారిలో చాలమంది పేర్లు ఎక్కడను లేవు.

దీని విలువ యార్కు మహాదేవాలయములో ఒక రాత్రి తెలిసెను. 1984 జూలై 9వ తేదీ తెల్లవారుజామున ఆ దేవాలయపు దక్షిణ భాగమునకు నిప్పంటుకొనెను. పిడుగుపాటే కారణమని తలంచిరి. పైకప్పు అంతయు కూలిపోయెను. ఆ భాగపు గోడలో ఎత్తున గులాబి కిటికీ అను గుండ్రని పెద్ద కిటికీ కలదు. దాని గాజు పదునారవ శతాబ్దపు ఆరంభమునాటిది. మంటల వేడికి ఆ గాజు సుమారు నలుబదివేల చోట్ల పగిలెను. అయినను కిటికీ నేల రాలలేదు. ఎందుకనగా 1970 ప్రాంతమున, అనగా ప్రమాదమునకు పదునాలుగేండ్ల ముందు, దానికి క్రొత్త సీసము వేయబడియుండెను. ఆ సీసము పగిలిన ప్రతి ముక్కను తన గాడిలో పట్టుకొని తెల్లవారువరకు నిలిచెను. పిమ్మట పనివారు దానిని దింపి, ముక్కలను అంటుపదార్థముతో కలిపి, తేట గాజు నడుమనుంచి మరల నిలిపిరి. 1988లో ఆ భాగపు పునరుద్ధరణ ముగిసెను. 1970లో ఆ ఖర్చు వద్దనుకొని, ఇంకొక పదేండ్లు ఆగుదమనియుండినచో, ఆ ఉదయము బూడిదలో గాజు రజను ఏరుకొనవలసి వచ్చెడిది. మన కమిటీలలో "ఇంకొక పదేండ్లు ఆగుదము" అను మాట నేనెన్నిసార్లు వింటినో, ఎన్నిసార్లు నేనే అంటినో!

అదే దేవాలయపు తూర్పు మహాకిటికీని జాన్ థార్న్‌టన్ అను పనివాడు 1405లో 56 పౌనులకు ఒప్పుకొని 1408 నాటికి ముగించెను. అందలి 311 పటములను 2008లో విప్పి, శుభ్రపరచి, 2018 నాటికి తిరిగి అమర్చిరి. మూడేండ్లలో చేసినదానిని బాగుచేయుటకు పదేండ్లు పట్టెను. ఇప్పుడు దానికి వెలుపల మరియొక రక్షణ గాజు కలదు. రెండు గాజుల నడుమ గాలి ఆడుటకు దారి విడిచిరి. అన్నివైపుల మూసివేసిన చెమ్మ లోపలనే నిలిచి పాత గాజును తినివేయును.

మన తెలుగుదేశములో ఈ సీసపు పనిని చూడగోరువారు మెదకు వెళ్లవలెను. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కరవు దినములలో జనులకు పని కల్పించుచు కట్టించిన ఆ మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. లండను చిత్రకారుడు ఫ్రాంక్ ఒ. సాలిస్బరీ రూపొందించిన మూడు రంగుగాజు కిటికీలు అందు కలవు. ఆరోహణము 1927లో, జననము 1947లో, సిలువ 1958లో వచ్చినవి. క్రిస్మసునకు వెళ్లువారు వెలుగును చూచి మైమరచుదురు. ఈసారి వెళ్లినప్పుడు బొమ్మల నడుమనున్న నల్లని గీతలను కూడ చూడుడి. అవి చిత్రకారుని కలము గీసిన గీతలు మాత్రమే కావు, సీసము. మొదటి కిటికీకి 2027 నాటికి నూరేండ్లు నిండును.

మనలో అధిక సంఘములకు అట్టి కిటికీలు లేవు. కర్ర చట్రము, తెల్ల గాజు, పుట్టీ, ఇంతే. రంగులవారు దానినే లప్పమందురు. అయితే సూత్రమొకటే. అందులోనిది కూడ అవే సుద్ద, అవే అవిసె నూనె. ఆ నూనె ఆరుట నీరు ఎండుట వంటిది కాదు. గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని క్రమముగా తోలువలె గట్టిపడును. పచ్చి కర్రమీద పుట్టీ పెట్టిన కర్ర ఆ నూనెను త్రాగివేయును, మిగిలిన సుద్ద పొడియై రాలును. మా పాత పుట్టీ చాలచోట్ల అట్లే రాలెనని మేస్త్రిగారు చూపిరి. లోపల గాడికి రంగు తగిలిన గుర్తే లేదు.

ఆయన చేసిన విధము వ్రాసెదను, మరియొక సంఘమువారికి పనికివచ్చును. సిమెంటును ఉలితో మెల్లగా తీసి (ఇందులో ఇంకొక నాలుగు పలకలు పోయినవి), గాడిని తోమి, నూనె రంగు పూసి ఆరనిచ్చెను. పుట్టీని అరచేతుల నడుమ వేడెక్కువరకు పిసికి, త్రాడువలె చేసి గాడిలో పరచెను. గాజును చట్రముకంటె కొంచెము చిన్నదిగా కోసి, నడుమ నొక్కక అంచులు నొక్కి కూర్చుండబెట్టెను. కర్ర ఎక్కడను గాజును తాకరాదు. గాజు జారకుండ సన్నని మేకులు కొట్టి, పైన మరల పుట్టీ పెట్టి, నీరు నిలువకుండ కత్తితో ఏటవాలుగా దీసెను. రెండు వారములు తాళి, పైపొర కట్టిన తరువాత, గాజుమీదికి ఒక గీత అంత ఎక్కునట్లు రంగు వేసెను. పుట్టీకిని గాజుకును నడుమనున్న సందును ఆ గీతయే మూయును.

సిలికాను గొట్టములు వాడరాదా అని యౌవనస్థులు అడిగిరి. అల్యూమినియము కిటికీలకు అది మంచిదే. అయితే వెనిగరు వాసన వచ్చు రకము ఆరునప్పుడు వదలు ఆమ్లము సీసమును తినును, గనుక సీసపు కిటికీలున్న చోట దానిని దరిచేరనీయరాదు. మన కిటికీలకు దానితో వేరొక ఇబ్బంది. పలక పగిలిన నాడు దానిని ఊడదీయుట కష్టము. పుట్టీనైతే రేపటి వడ్రంగి ఉలితో తీసివేయగలడు.

అన్ని చట్రములు తీసివేసి క్రొత్తవి పెట్టుదమను ప్రతిపాదన కూడ కమిటీలో వచ్చెను. రెండు సాయంకాలములు వాదించుకొంటిమి. తుదకు టేకు చట్రములను ఉంచుటకును, మూడేండ్లకొకసారి మేస్త్రి వచ్చి ప్రతి కిటికీని తట్టి చూచుటకును, అందునిమిత్తము ఏటేట కొంత సొమ్ము ప్రత్యేకముగా నుంచుటకును తీర్మానించి మినిట్సులో వ్రాసితిమి.

గడచిన జూలైలో మొదటి పెద్ద వాన ఆదివారమునాడే కురిసెను. ప్రసంగము మధ్య నా కన్నులు కిటికీలమీదనే యున్నవని మా ఇంటివారు పిమ్మట నన్ను మందలించిరి. దక్షిణపు ప్రక్కన మూడవ కిటికీ ఇంకను కారుచున్నది. అక్కడ పుట్టీ తప్పుకాదు, చట్రపు క్రింది కర్ర పుచ్చినది. టేకు ముక్క దొరకిన వెంటనే వచ్చెదనని మేస్త్రిగారు చెప్పియున్నారు.