కాగితాలు బర్మింగ్‌హామ్‌లో, డబ్బు ఢిల్లీలో, మనం పామిడిముక్కలలో

2022 ఫిబ్రవరిలో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ విదేశీ చదువుల స్కాలర్‌షిప్ నిబంధనల్లో ఒక వాక్యం చేర్చింది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద చేసే సామాజిక అధ్యయనాలు ఇకమీదట ఈ పథకం కిందికి రావని ఆ వాక్యం సారాంశం. పథకం పేరు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. 1954-55లో మొదలైంది. ఎవరి కోసం పెట్టారయ్యా అంటే షెడ్యూల్డు కులాలవాళ్ళ కోసం, విముక్త సంచార జాతులవాళ్ళ కోసం, భూమిలేని వ్యవసాయ కూలీల కోసం, చేతివృత్తులవాళ్ళ కోసం. ఏడాదికి 125 మందికి. అంటే భూమిలేని కూలీ బిడ్డ సర్కారు డబ్బుతో లండన్ వెళ్ళి ఇంజనీరింగ్ చదవొచ్చు, మేనేజ్‌మెంట్ చదవొచ్చు, ఫ్రెంచి విప్లవ చరిత్ర కూడా చదవొచ్చు. ఈ దేశంలో భూమిలేని కూలీల చరిత్ర మాత్రం చదవకూడదు.

ఇదేం న్యాయమని అప్పట్లో విద్యార్థులు, అధ్యాపకులు అడిగారు. మన దేశ చరిత్రకు కావలసిన ఆధారాలు, పుస్తకాలు, పండితులు మన దేశంలోనే ఉన్నారు, దానికి పరాయి దేశం పోవడమెందుకని అధికారులు చెప్పిన సమాధానం పత్రికల్లో వచ్చింది. వినడానికి సబబుగానే ఉంటుంది. స్వదేశీ మాటలాగా కూడా ఉంటుంది. ఆ సబబు ఎంతవరకు నిలుస్తుందో మా ప్రాంతం నుంచే చూద్దాం.

పామిడిముక్కల మండలం వుయ్యూరుకూ పామర్రుకూ నడుమ, కృష్ణా కాలవల కింద ఉంది. 2009 ఎన్నికల నుంచి పామర్రు షెడ్యూల్డు కులాల రిజర్వుడు నియోజకవర్గం. ఈ మండలం అందులోదే. ఇక్కడ ఊళ్ళ పేర్లలోనే చరిత్ర ఉంది. వీరంకిలాకు అనే పేరు కాలవ మీది లాకును బట్టి వచ్చింది. బెజవాడ దగ్గర ఆనకట్ట 1852-55 మధ్య కట్టారు. డెల్టా చరిత్ర అనగానే ఆనకట్ట, కాటన్ దొర, ఆయన పథకాన్ని కృష్ణ మీద కట్టించిన ఓర్ దొర, రెండు పంటలు, బందరు రేవు, కూచిపూడి నాట్యం, ఘంటసాల స్తూపం. వీటి మీద పుస్తకాలున్నాయి, సెమినార్లు జరిగాయి, మ్యూజియం ఉంది. మేం కాదనం. కానీ ఆ కాలవ మట్టి నెత్తిన మోసిందెవరు? నీళ్ళొచ్చాక మాగాణి విలువ పెరిగితే, ఆ మాగాణిలో మోకాటి లోతున దిగిన మాల మాదిగల కూలి ఎంత పెరిగింది? పాలేరుతనం ఏయే మార్పులు పొందింది? ఇల్లు కట్టుకునే మెరక లేక గూడేలు కాలవ గట్ల మీదికి ఎప్పుడు ఎక్కాయి? ఈ ప్రశ్నలతో పీహెచ్.డీ. చెయ్యాలని పామిడిముక్కల పల్లెల్లోంచి ఒక పిల్ల ఎం.ఏ. హిస్టరీ చదివి బయల్దేరిందనుకోండి. ఆమెకు కాగితాలెక్కడ దొరుకుతాయి?

కొన్ని చెన్నైలో దొరుకుతాయి. మద్రాసు ప్రభుత్వ రెవెన్యూ రికార్డులు ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కొన్ని హైదరాబాదు తార్నాకలో. అంతవరకు అధికారుల మాట నిజమే. అయితే రెవెన్యూ రికార్డు శిస్తు కట్టేవాణ్ణి చూస్తుంది. పట్టా లేనివాడు అందులో ఎప్పుడు కనపడతాడు? నేరం చేసినప్పుడు, కరువులో చచ్చినప్పుడు, వెట్టి లెక్కలో తల లెక్క పెట్టినప్పుడు. గూడెంలో మనుషుల్ని పేర్లతో, బంధుత్వాలతో, తగాదాలతో సహా రాసిపెట్టిన కాగితాలు ఇంకో చోట ఉన్నాయి. 1841లో చర్చి మిషనరీ సొసైటీవాళ్ళు బందరులో దిగారు. 1843లో నోబుల్ దొర అక్కడ బడి పెట్టాడు. అది మొదట పైకులాల పిల్లల్ని ఉద్దేశించిన బడి. మిషనరీలు ఆశించిన బ్రాహ్మణులూ వెలమలూ వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే వచ్చారు. రమ్మని పిలవని మాలలు తామే కదిలి వచ్చారు. రాఘవాపురం మాల పెద్ద పగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మం పుచ్చుకోవడంతో ఆ కదలిక మొదలైందని ఆ సొసైటీ చరిత్రలే చెబుతాయి. ఆ తర్వాత పల్లెలకు పల్లెలే కదిలాయి. ప్రతి మిషనరీ లండన్ కార్యాలయానికి ఏటా ఉత్తరం రాయాలి. ఏ పల్లెలో ఎవరు చేరారు, ఏ రైతు పని మానిపించాడు, బడి పాక ఎవరు తగలబెట్టారు, ఇలాంటి సంగతులు ఆ ఉత్తరాల్లోకి ఎక్కేవి. మిషనరీ చూపులో వంకర లేదని మేం అనం. అతనికి మాలవాడు ముందు ఆత్మ, తర్వాతే మనిషి. అయినా కరణం దస్తావేజుకంటే ఆ ఉత్తరంలోనే మన ముత్తాతలు ఎక్కువ బతికి ఉన్నారు. ఆ ఉత్తరాలు ఇవాళ బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఉన్నాయి. భద్రంగా, వరసగా, నంబర్లేసి.

మరి "మన చరిత్రకు ఆధారాలు మన దేశంలోనే ఉన్నాయి" అన్న మాట ఏమైంది? రాజుల చరిత్రకు శాసనాలు ఇక్కడే ఉన్నాయి, నిజం. శాసనం వేయించుకోలేని వాళ్ళ చరిత్రకు ఆ మాట వర్తించదు. నిబంధన రాసినవాళ్ళు చరిత్ర అంటే దేన్ని తలుచుకున్నారో ఆ ఒక్క వాక్యమే చెబుతోంది.

ఇక్కడ అంబేద్కర్ సంగతి గుర్తుచేసుకోవాలి. 1913లో ఆయన కొలంబియా వెళ్ళింది బరోడా మహారాజు ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌన్ల స్కాలర్‌షిప్ మీద. మూడేళ్ళకు మంజూరైంది, తిరిగొచ్చి పదేళ్ళు బరోడా కొలువు చెయ్యాలని షరతు. అక్కడ ఆయన ఏం రాశాడు? 1915లో ఎం.ఏ.కు ఈస్టిండియా కంపెనీ పరిపాలన, ఆర్థిక వ్యవహారాల మీద. 1916 మే 9న ఒక సెమినార్లో భారతదేశంలో కులాల పుట్టుక మీద. డాక్టరేటు బ్రిటిషిండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద. లండన్‌లో డి.ఎస్సీ. రూపాయి సమస్య మీద. ఒక్కటైనా ఇండియా బయటి అంశం ఉందా? 2022 నిబంధన 1913లో ఉండి ఉంటే కులం మీద ఆ పేపరు రాయాల్సిన విద్యార్థి అర్హుల జాబితాలోనే ఉండడు. ఆయన బొమ్మ గోడకు తగిలించుకున్న మంత్రిత్వశాఖే ఈ నిబంధన రాసింది. ఇంకో సంగతి. 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయి లండన్ చదువు సగంలో వదిలేసి రావలసి వచ్చింది. కూడబెట్టుకున్న జీతం, సాహు మహరాజ్ సాయం, ఒక పార్శీ మిత్రుడి అప్పు కలిపి 1920లో మళ్ళీ వెళ్ళాడు. ఫెలోషిప్ ఆగితే చదువు ఆగుతుందన్న సంగతి మన ఇళ్ళల్లో కొత్త కాదన్నమాట.

దేశం లోపల ఫెలోషిప్‌ల కథ కూడా చూడాలి. 2005-06లో రాజీవ్‌గాంధీ నేషనల్ ఫెలోషిప్ వచ్చింది. మొదట్లో ఏడాదికి 1,333 మంది ఎస్సీ పరిశోధకులకు. దాని బలం డబ్బులో కంటే ఒక వెసులుబాటులో ఉంది: నెట్ పాసవక్కర్లేదు, ఎం.ఫిల్. లేదా పీహెచ్.డీ.లో సీటు ఉంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. నెట్ ప్రశ్నపత్రం భాషా సబ్జెక్టులకు తప్ప ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంటుంది. హిందీవాడు తన భాషలో రాస్తాడు; తెలుగు మీడియంలో హిస్టరీ చదివిన పామిడిముక్కల పిల్ల పరాయి భాషలో రాయాలి. అలాంటివాళ్ళు వందల్లో విశ్వవిద్యాలయాల్లోకి వచ్చింది ఈ వెసులుబాటు వల్లే. తర్వాత పథకం పేరు మారింది, ఎంపికను నెట్‌తో ముడిపెట్టారు. 2022లో యూజీసీ ఎం.ఫిల్. నే తీసేసింది. 2023 జనవరి నుంచి నెలకు 37,000, సీనియరుకు 42,000 రూపాయలు. మొత్తం పెరిగింది, ద్వారం ఇరుకైంది. 2015 అక్టోబరులో నెట్ లేనివాళ్ళకిచ్చే 5,000, 8,000 రూపాయల ఫెలోషిప్‌లు కూడా ఎత్తేస్తామన్నప్పుడు విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు రాత్రింబవళ్ళు కూర్చున్నారు.

డబ్బు మంజూరు కావడం వేరు, చేతికి రావడం వేరు. 2016 జనవరి 17న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో చనిపోయిన రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై అయిదు వేలు రావాల్సి ఉందని లెక్క రాసి మరీ పోయాడు. ఆ ఉత్తరంలో నక్షత్రాల గురించిన మాటల్నే అందరూ తలుచుకుంటారు. మేం ఆ లెక్కను కూడా తలుచుకోవాలంటాం. 2025 జూలైలో విదేశీ స్కాలర్‌షిప్‌కు ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే అవార్డు ఉత్తరాలిచ్చి, మిగతా 66 మందికి నిధులుంటే ఇస్తామన్నారు. విదేశీ విశ్వవిద్యాలయం సీటు నిధుల కోసం ఆగదు కదా.

ఇంత చెప్పి ఊరుకుంటే మన పిల్లలకు ఏం లాభం? ఉన్న దారులు చెప్పాలి. 1972లో ఏర్పడిన భారత చరిత్ర పరిశోధనా మండలి జూనియర్ ఫెలోషిప్ ఇస్తుంది; నెలకు 17,600 రూపాయలు, రెండేళ్ళు. నెట్ ఫెలోషిప్‌లో సగం కూడా కాదు. అయితే అదే మండలి ఆర్కైవ్స్‌కు వెళ్ళి రావడానికి ప్రయాణ గ్రాంటు కూడా ఇస్తుంది. దీన్ని మనవాళ్ళు బొత్తిగా వాడుకోవడం లేదు. ఎగ్మూరులో నెల రోజులు కూర్చోవడానికి అది సరిపోతుంది. బయటికి వెళ్ళాలంటే ఆక్స్‌ఫర్డ్, సోయాస్, రెడింగ్‌లలో ఫెలిక్స్ స్కాలర్‌షిప్ ఉంది. పేద భారతీయ విద్యార్థుల కోసమే పెట్టింది, ఇండియా చరిత్ర వద్దని అది అనదు. ఇక్కడే పీహెచ్.డీ. చేస్తూ కొంతకాలం బ్రిటన్‌లో గడపడానికి కామన్వెల్త్ వాళ్ళది, అమెరికాకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ వాళ్ళది ఉన్నాయి. మన సంక్షేమానికి పెట్టిన మన సర్కారు పథకం మన చరిత్రను వద్దంటే, దొరల పథకాలు రమ్మనడం ఒక విడ్డూరం. దరఖాస్తు పెట్టేవాళ్ళకు మేం చెప్పేదొక్కటే: నిరుటి నిబంధనలు చూసి పెట్టొద్దు, ఆ ఏటి మార్గదర్శకాలు మొదటి నుంచి చివరి దాకా చదవండి. వేటు వేసే వాక్యం ఎప్పుడూ లోపలి పేజీలోనే ఉంటుంది.

ఈ దారుల్లో ఏదో ఒకటి పట్టుకుని రాసినవాళ్ళు ఉన్నారు. 1917 నవంబరులో బెజవాడలో జరిగిన పంచమ మహాజన సభ సంగతి చూడండి. గుడివాడ సేవాశ్రమం గూడూరు రామచంద్రరావు ఏర్పాటు చేసిన సభకు హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డివర్మ అధ్యక్షుడై, పంచమ అన్న మాటే తోసిపుచ్చి ఆది ఆంధ్ర అని పేరు మార్పించాడు. పంచములు ఎక్కడ గుళ్ళోకి వస్తారోనని ఆ రోజుల్లో కనకదుర్గ గుడి మూసిపెట్టారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును ఒప్పుకుంది. ఆంధ్రోద్యమ చరిత్రలు ఈ సభను పట్టించుకోలేదు. చిన్నారావు యాగాటి పరిశోధన 2003లో పుస్తకంగా వచ్చాకే ఆంధ్ర, హైదరాబాదు దళిత ఉద్యమాలు చరిత్ర శాఖల చదువులోకి ఎక్కాయి. గుడివాడ మాలపల్లి చరిత్రను ప్రపంచమంతా చదివిన పుస్తకం 2017లో న్యూయార్క్‌లో అచ్చయింది. శివసాగర్‌గా మనం ఎరిగిన కె.జి. సత్యమూర్తి కుటుంబం కథ అది. రాసిన సుజాత గిడ్ల చరిత్ర ఆచార్యురాలు కాదు, న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరు. ఏ మండలీ ఆమెకు ఫెలోషిప్ ఇవ్వలేదని వేరే చెప్పాలా?

బర్మింగ్‌హామ్ కాగితాలకు ఏ ప్రమాదమూ లేదు, అవి ఇంకో నూరేళ్ళయినా ఉంటాయి. మాకు బెంగ ఇక్కడి కాగితాల మీద. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేలమంది ప్రాణాలు తీసింది. మనుషులే మిగలని చోట చర్చి రిజిస్టర్లు, బడి హాజరు పట్టీలు ఏం మిగులుతాయి? మిగిలినవి ఉన్నది పాస్టర్ల ఇళ్ళలో, పాత పెట్టెల్లో, చెదలకు దగ్గరగా. బాప్తిస్మపు రిజిస్టరు చిన్న వస్తువు కాదు. పాత పేరు, కొత్త పేరు, తల్లిదండ్రులు, ఊరు, పని ఒకే వరసలో కనపడే కాగితం గూడెంలో వేరే లేదు. లంక భూముల సొసైటీల మినిట్స్ పుస్తకాలు, కూలీ సంఘాల రసీదులు, హాస్టల్ పిల్లల జాబితాలు కూడా అలాంటివే. బ్రిటిష్ లైబ్రరీ 2004 నుంచి ప్రమాదంలో ఉన్న కాగితాల కోసం ఒక గ్రాంటు నడుపుతోంది. అసలు కాగితం ఊరు దాటనక్కర్లేదు, ఫోటో ప్రతులు మాత్రమే పోతాయి. కృష్ణా విశ్వవిద్యాలయం 2008 నుంచి బందరులోనే ఉంది. పక్కనున్న గూడెం రిజిస్టర్లకు అలాంటి గ్రాంటు అడగడానికి అంతకంటే దగ్గర సంస్థ లేదు. ఈలోగా పామిడిముక్కల, మొవ్వ, చల్లపల్లి వైపు ఎవరింట్లోనైనా పాత రిజిస్టరు ఉంటే, చదవడం రాకపోయినా సరే, ఎండలో పెట్టి దులిపి, పేజీ పేజీ సెల్‌ఫోన్‌తో ఫోటో తీసి, ఏ ఊరిదో ఎవరి దగ్గరుందో ఒక చీటీ మీద రాసి దానికి కట్టి ఉంచండి.