బడి వయసు దాటిన బిడ్డలకు పగటి నీడ

బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డ ఏ ఇంట్లో అయినా పుట్టవచ్చు. కలిగినవాళ్లు, లేనివాళ్లు అనే తేడా దానికి లేదు. చిన్నతనంలో ఆ బిడ్డకు ఏదో ఒక బడి దొరుకుతుంది. ప్రభుత్వం వారి భవిత కేంద్రాలు కూడా ఉన్నవి. అసలు చిక్కంతా 18 ఏండ్లు నిండినాక వస్తుంది. మీసాలొచ్చిన కొడుకును, పెండ్లీడుకొచ్చిన కూతుర్ని పొద్దస్తమానం చూసుకునేదెవరు? తల్లికి ఓపిక తగ్గే వయసులోనే బిడ్డ బరువు పెరుగుతుంది. ఈ ప్రశ్నకు లోకం ఎట్లా జవాబు వెదుక్కుంటూ వచ్చిందో, అందులోనుంచి మనం నేర్చుకోవలసిందేమిటో సభ్యులకు మనవి చేయాలని మా ఉద్దేశం.

ముందుగా ఒక మాట. బుద్ధిమాంద్యం వేరు, పిచ్చి వేరు. పిచ్చి అనేది జబ్బు. పెద్దయినాక కూడా రావచ్చు, మందులతో తగ్గవచ్చు. బుద్ధిమాంద్యం అంటే చిన్ననాటి నుంచే తెలివి ఎదుగుదల తక్కువగా ఉండడం. దాన్ని పోగొట్టే మాత్ర లేదు, నేర్పించడం ఒక్కటే దారి. తీవ్రస్థాయిలో ఉన్నవాళ్లకు స్నానం, తిండి, దొడ్డికి పోవడం కూడా ఒకరు దగ్గరుండి నేర్పాలి. తెల్లదొరలు 1912లో చేసిన లూనసీ చట్టం ఈ ఇద్దర్నీ ఒకే గాటన కట్టేసింది. 1987లో మానసిక ఆరోగ్య చట్టం చేసినప్పుడు గాని బుద్ధిమాంద్యాన్ని ఆ లెక్కలోనుంచి తీసేయలేదు.

చట్టం తేడా చూపినా, ఇంట్లో చూసుకోలేక ఎందరో తమవాళ్లను దర్గాల దగ్గర, గుళ్ల దగ్గర వదిలివచ్చేవాళ్లు. తమిళనాడులో రామనాథపురం జిల్లా ఏర్వాడి సంగతి మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అక్కడి దర్గా చుట్టుపట్ల ప్రైవేటు ఆశ్రమాలు నడిచేవి. 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున ఒక ఆశ్రమానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టి ఉంచిన రోగులు కదలలేక పోయారు. 28 మంది చనిపోయారు. వాళ్లు మానసిక రోగులే గాని, మన బిడ్డల విషయంలోనూ పాఠం అదే. ఇంటికీ గొలుసుకీ నడుమ మరొక చోటు లేకపోతే జరిగేది ఇది.

ఆ మరొక చోటే పగటి కేంద్రం. పొద్దున పోయి సాయంత్రం ఇంటికి వచ్చే చోటు. దీని పుట్టుక చూస్తే చాలాచోట్ల ముందుగా కదిలింది సర్కారు కాదు, కన్నవాళ్లు. బొంబాయిలో జై వకీల్, హోర్ముస్‌జీ వకీల్ దంపతులు తమ కూతురి కోసం 1944లో ఒక బడి మొదలుపెట్టినారు. ఇంగ్లండులో జూడీ ఫ్రైడ్ అనే తల్లి 1946లో తనవంటి తల్లిదండ్రులను కూడగట్టి సంఘం పెట్టింది. జర్మనీ అయితే హిట్లరు కాలంలో ఇటువంటివాళ్లను వేలకు వేలు చంపిన దేశం. అదే దేశంలో 1958లో టామ్ మ్యూటర్స్, కొందరు తల్లిదండ్రులు కలిసి లెబెన్‌షిల్ఫె అనే సంస్థను నిలబెట్టినారు. ఆ మాటకు బతుకంతా తోడు అని అర్థం చెప్పుకోవచ్చు. మన విశాఖపట్నంలో కూడా ఆ పేరుతోనే ఒక సంస్థ ఉన్నది. బడులు పెట్టిన పదేండ్లకే పిల్లలు పెద్దవాళ్లయినారు. అప్పుడు బడి పక్కనే పని నేర్పే షెడ్డు, పని చేయలేనివాళ్లకు వేరే గది అవసరమైనవి.

మన సీమకు వస్తే, చిత్తూరువాళ్లకు రాయవేలూరు దగ్గర. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలవారి మానసిక ఆరోగ్య కేంద్రం 1957లో మొదలైంది. రోగితో బాటు ఇంటివాళ్లనూ ఉంచుకొని, చూసుకునే పద్ధతి వాళ్లకే నేర్పడం దాని ప్రత్యేకత. మద్రాసులో జయచంద్రన్, విమల అనేవారు తయారుచేసిన పట్టిక ఇంకొక మేలు చేసింది. బట్టలు వేసుకోవడం, తినడం, మాట్లాడడం వంటి 18 విభాగాల్లో 360 చిన్న చిన్న మెట్లు అందులో ఉన్నవి. బిడ్డకు ఏమి రాదు అని కాకుండా, ఏమి వచ్చు, తర్వాతి మెట్టు ఏది అని అడిగే పద్ధతి అది. హైదరాబాదులో 1968లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ, 1984లో సికింద్రాబాదులో కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ వచ్చినవి. బడిపాఠం పట్టనివాళ్ల కోసం జాతీయ సంస్థవారు వేరే పట్టికే చేసినారు. ఎవరినీ పనికిరానివాళ్లని పక్కనపెట్టలేదన్న మాట.

ఇంతకూ పగటి కేంద్రంలో జరిగేదేమి? పెద్ద గొప్పలేమీ ఉండవు. వేళకు దొడ్డికి తీసుకపోవడం, చేతులు కడిగించడం, అన్నం తనంతట తాను తినేట్లు చేయడం, గుండీ పెట్టించడం, మగపిల్లలకు గడ్డం, ఆడపిల్లలకు నెలసరి శుభ్రం. తర్వాత కాస్త నడక, పాటలు, చేతనైనవాళ్లకు కాగితపు కవర్లు, విస్తళ్లు. ఒక లోటా పట్టుకోవడానికి ఆరు నెలలు పట్టవచ్చు. అయినా ఆ లోటా పట్టిననాడు తల్లికి ఒక చెయ్యి ఖాళీ అయినట్లే. ఆ ఆరేడు గంటల్లో ఆమె కుట్టుమిషను తొక్కుకోగలదు, ఆస్పత్రికి పోగలదు, కాస్త నడుము వాల్చగలదు.

చట్టాలు తర్వాత వచ్చినవి. 1995 చట్టం 18 ఏండ్ల దాకా ఉచిత చదువు ఇచ్చింది. 2016 చట్టంలోనూ ఉచిత చదువు హద్దు అదే. ఆ తర్వాతి బతుకు గురించి ఆలోచించింది 1999 నేషనల్ ట్రస్టు చట్టం. ఆ ట్రస్టు 2015లో ప్రకటించిన వికాస్ పథకం పదేండ్లు దాటినవాళ్లకు పగటి కేంద్రాలు నడపడానికే.

ఈ చట్టంలో మనవాళ్లకు తెలియవలసింది ఇంకొకటుంది. బిడ్డకు 18 నిండితే కన్నతండ్రి కూడా చట్టం కంట్లో సంరక్షకుడు కాడు. తెలివి తక్కువని వారసత్వంలో వాటా పోదు. కాని ఆ వాటా చూసేదెవరు? తెలివి చాలనివాళ్ల సొమ్మును జాగ్రత్త చేయాలని, అందులోనుంచి వాళ్లకు తిండి బట్ట ఇచ్చి మంచిగా మాట్లాడాలని పవిత్ర ఖురాన్ నాలుగో సూరాలో ఆజ్ఞ ఉన్నది. నేటి చట్టంలో దానికి దారి కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ. దరఖాస్తు పెడితే సంరక్షకుణ్ణి నియమిస్తారు. ఆయన ఏటేటా లెక్క చెప్పాలి. 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి వేరే జిల్లా అయింది గనుక ఎవరి కలెక్టరు వద్దకు వాళ్లు పోవాలి. సదరం సర్టిఫికెట్టు చేతిలో ఉండడం మంచిది. 2024లో 6,000 రూపాయలకు పెరిగిన నెల పింఛనుకు కూడా అదే ఆధారం.

బొంబాయిలో ఒక జంట, ఇంగ్లండులో ఒక తల్లి మొదలుపెట్టిన పని ఇంత దూరం వచ్చింది. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె, పుంగనూరులలో మన మొహల్లాల్లో ఇటువంటి యువకులు, యువతులు ఎందరున్నారో మొదట లెక్క రాసుకుందాం. సిగ్గుపడి దాచేవాళ్ల ఇండ్లకు మన ఆడవాళ్లు పోయి మాట్లాడితే మంచిది. ఆ పైన కింది అంతస్తులో ఒక గది, దానికి ఆనుకొని స్నానాలగది, శిక్షణ పొందిన ఒక టీచరు, ఇద్దరు ఆయాలు. మొదలుపెట్టడానికి ఇంతకన్నా అక్కరలేదు. కులమతాలు చూడకుండా ఇరుగు పొరుగు బిడ్డలనూ చేర్చుకోవాలి. మా తర్వాత వీళ్ల గతి ఏమిటని రాత్రులు నిద్రపట్టని తల్లిదండ్రులు మన మధ్యనే ఉన్నారు. వాళ్లకు సంఘం ఇవ్వగల జవాబు ఆ గది. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టవలసిందిగా పెద్దలను కోరుతున్నాము.