నాగలి దిగని నేల

ఏరువాక పున్నమికి నాగలికి పసుపు రాసి బొట్టుపెట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి. నాగలి వల్ల నేల పాడవుతుందంటే నమ్మడానికి నాకు కాన్సాస్‌లో కొన్నేళ్లు పట్టింది.

మేముండే విచిటా నుంచి ఈశాన్యంగా కార్లో గంటకు పైగా వెళితే ఫ్లింట్ హిల్స్ వస్తాయి. చెట్టూ చేమా లేని గుట్టలు, కనుచూపు మేరా గడ్డి. ఇంత బీడు ఎందుకు వదిలేశారా అనుకున్నాను మొదట. వదిలేయలేదు, చేతకాలేదు. పైపొర కిందే చెకుముకి రాయి. నాగలి దిగలేదు కాబట్టి పశువులకు మిగిలింది. ఉత్తర అమెరికా నడిబొడ్డున ఒకప్పుడు పరుచుకున్న పొడుగు గడ్డి నేలల్లో ఇవాళ మిగిలింది నూటికి నాలుగు వంతులు కూడా లేదు. అందులోనూ చాలా భాగం ఇక్కడే ఉంది.

ఇక్కడి గడ్డికి పెద్ద దిక్కు బిగ్ బ్లూస్టెమ్. మన జొన్నకు దగ్గరి చుట్టం. సెప్టెంబరుకు మనిషిని ముంచేంత ఎత్తు పెరుగుతుంది, వేళ్లు పదడుగుల లోతుకు పోతాయి. దాని ఆస్తంతా నేలలోనే దాచుకుంటుంది. చెట్టుకు చిగురు కొమ్మ చివర ఉంటుంది, మంట తగిలితే మొక్క చస్తుంది. గడ్డికి మొలిచే చోటు మట్టిలో, మొదట్లో. ఆవు కొరికినా, నిప్పు నాకినా మళ్లీ లేస్తుంది. అది తెలిసే ఇక్కడి కాన్సా, ఓసేజ్ జనం గడ్డిని తగలబెట్టేవారు. ఇప్పటి పశువుల కాపరులూ ఏప్రిల్‌లో తగలబెడతారు. మొదటి ఏడు ఆ పొగ చూసి నేను ఫైరింజనుకు ఫోన్ చేయబోయాను. కాన్సా జనాన్ని 1873లో ఇప్పటి ఓక్లహోమాకు తరలించేశారు. వాళ్ల పేరు మాత్రం రాష్ట్రానికి మిగిలింది.

బైసన్‌లకూ అదే గతి. అవి ఎక్కువగా గడ్డినే మేసి పూల మొక్కలను వదిలేసేవి. పొర్లాడిన చోట పడ్డ గుంటల్లో వాననీళ్లు నిలిచేవి. కోట్లలో ఉన్న మందలు తోళ్ల వ్యాపారానికి బలై, 1880ల చివరికి వెయ్యికి అటూ ఇటూగా మిగిలాయి.

పడమటికి పోయేకొద్దీ వాన తగ్గుతుంది. తూర్పున ఏడాదికి 40 అంగుళాలు పడితే, కొలరాడో సరిహద్దున 20 కూడా పడదు. అంటే మన అనంతపురం కంటే తక్కువే. అక్కడ గడ్డి జానెడే, పేరు బఫెలో గ్రాస్. బెట్టకు జొన్నాకు చుట్టుకోవడం చూసినవాళ్లకు దాని పద్ధతి చెప్పక్కర్లేదు. వేళ్లు మట్టిని ఎంత బిగించి పట్టేవంటే, వలస వచ్చిన రైతులు ఆ గడ్డిపెళ్లలను ఇటుకల్లా కోసి ఇళ్లు కట్టుకున్నారు.

ఆ ఇళ్లలో ఉంటూనే ఆ గడ్డిని దున్నేశారు. 1862 చట్టం ఐదేళ్లు సాగు చేసుకుంటే 160 ఎకరాలు ఇస్తానంది. తూర్పున ఒక కుటుంబానికి అది చాలు. మెట్ట పడమట చాలదు, అందుకే అంగుళం వదలకుండా దున్నాలి. మొదటి ప్రపంచయుద్ధంలో గోధుమ ధర పెరిగింది, ఆ వెనకే ట్రాక్టర్లు వచ్చాయి. 1931 నుంచి వానలు మొహం చాటేశాయి. ఈ నేలకు కరువు కొత్త కాదు. కాకపోతే వెనకటి కరువుల్లో మట్టిని పట్టుకోవడానికి గడ్డి ఉండేది. ఈసారి ఎండిన గోధుమ మోళ్లున్నాయి. 1935 ఏప్రిల్ 14, ఆదివారం, పట్టపగలు ధూళి లేచి చీకటి కమ్మింది. దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి జనం చచ్చిపోయిన కాలం అది. ఆ ఆదివారం తర్వాత 13 రోజులకు భూసార పరిరక్షణ చట్టం వచ్చింది. తప్పు వానదని ఇక్కడ ఇప్పటికీ అనేవాళ్లున్నారు. నా లెక్కలో తప్పు నాగలిది, దాన్ని తోలిన చట్టానిది.

బాగా దెబ్బతిన్న వాటిలో నైరుతి మూలనున్న మోర్టన్ కౌంటీ ఒకటి. ప్రభుత్వం అక్కడి రైతుల దగ్గర పాడైన పొలాలు కొని, మళ్లీ గడ్డి విత్తనమే చల్లించింది. ఇప్పుడది సిమరాన్ జాతీయ గడ్డిభూమి, లక్ష ఎకరాలకు పైనే. అందులో నాగలి కట్టరు.