కొత్త కంపైలర్‌ను ఎప్పుడు నమ్మాలి? లినక్స్ చెప్పే చరిత్ర

సి వంటి భాషలో రాసిన ప్రోగ్రామును ప్రాసెసర్ అమలు చేయగల యంత్రభాషలోకి మార్చే సాధనాన్ని కంపైలర్ అంటారు. రామగుండం ప్రాంతంలో, సింగరేణి సెంటినరీ కాలనీలో నెలకొన్న జేఎన్‌టీయూహెచ్ మంథని ఇంజనీరింగ్ కళాశాల మొదలుకొని రాష్ట్రమంతటా కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు దీని నిర్మాణం పాఠ్యాంశమే. అయితే కంపైలర్‌ను ఎలా నిర్మించాలన్నది ఒక ప్రశ్న కాగా, కొత్తగా వచ్చిన కంపైలర్‌ను ఎప్పుడు నమ్మాలన్నది మరొక ప్రశ్న. ఈ రెండోదానికి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ చరిత్రలో విలువైన సమాధానం ఉంది.

రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో విడుదల చేసిన జీసీసీ అనే సి కంపైలర్, లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్‌ను ప్రకటించేనాటికే దానిపై పనిచేస్తోంది. హార్డ్‌వేర్‌ను నేరుగా నడిపించే కెర్నల్‌కు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగానికి, సి ప్రమాణంలో ఉన్న సదుపాయాలు చాలవు కనుక అది జీసీసీ సొంతంగా చేర్చిన విస్తరణల మీద, కొన్నిచోట్ల ఎక్కడా రాతలో లేని అలవాట్ల మీద కూడా ఆధారపడింది. కంపైలర్ వెర్షన్ మారినప్పుడల్లా ఆ అలవాట్లు మారే ప్రమాదం ఉండేది.

జీసీసీ అభివృద్ధి మందగించిందన్న అసంతృప్తితో 1997లో ఈజీసీఎస్ అనే శాఖ విడివడి, 1999లో అదే అధికారిక జీసీసీగా గుర్తింపు పొందింది. 2000లో రెడ్ హ్యాట్ సంస్థ, జీసీసీ నిర్వాహకులు ఎన్నడూ విడుదల చేయని 2.96 సంఖ్యతో ఒక కంపైలర్‌ను తన లినక్స్ 7.0 వెర్షన్‌లో అందించినప్పుడు వివాదం రేగింది. అదే వెర్షన్‌లో కెర్నల్ కోసం కేజీసీసీ పేరుతో పాత ఈజీసీఎస్ కంపైలర్‌ను విడిగా ఉంచడం గమనార్హం. భూగర్భ గనిలో కొత్త రకం సపోర్టు ఎంత మేలైనదైనా, అది పైకప్పును నిలుపుతుందని తేలేదాకా పాతదాన్ని తీసివేయకపోవడం వంటిదే ఈ జాగ్రత్త.

లోపం ఎప్పుడూ కంపైలర్‌దే కాదని 2009లో తేలింది. కెర్నల్‌లో నెట్‌వర్క్‌కు సంబంధించిన టన్ డ్రైవర్‌లో ఒక పాయింటర్ (మెమరీ చిరునామా) ద్వారా ముందు మెమరీని చదివి, ఆ పాయింటర్ ఖాళీదా కాదా అన్న పరీక్షను ఆ తర్వాత రాశారు. ఖాళీ పాయింటర్ ద్వారా చదవడం సి ప్రమాణం ప్రకారం నిర్వచనం లేని చర్య కాబట్టి, చదివిన తర్వాత అది ఖాళీగా ఉండే అవకాశమే లేదని భావించి జీసీసీ ఆ పరీక్షను తొలగించింది. ఆ సందుతో దాడికి దారి ఏర్పడింది. అటువంటి పరీక్షలను తొలగించవద్దని కంపైలర్‌కు చెప్పే ఆప్షన్‌ను అదే సంవత్సరం కెర్నల్ నిర్మాణ నియమాలలో చేర్చారు.

కెర్నల్ నిర్మాణానికి కావలసిన కనీస జీసీసీ వెర్షన్ అనేక సంవత్సరాలు 3.2 వద్దనే నిలిచి, 2018లో 4.6కు, 2021లో 5.1కి పెరిగింది. 1989 నాటి సి ప్రమాణం నుండి 2011 ప్రమాణానికి కెర్నల్ మారింది 2022లోనే. ఈ నిదానాన్ని ఛాందసంగా చూడడం పొరపాటు. స్థిరత్వం కంపైలర్ ఒక్కటే ఇవ్వగలిగేది కాదు. కోడ్ ఏ హామీ మీద ఆధారపడుతోందో ప్రోగ్రామర్ తెలుసుకుని, దాన్ని రాతలో పెట్టినప్పుడే స్థిరత్వం నిలుస్తుంది.